తెగుళ్లకు లొంగని ద్రాక్ష

గత కార్తిక మాసములో రెండు రోజులు ముసురు పట్టి విడిచిన తరువాత, హైదరాబాదుకు కొంత దూరముననున్న ఒక ద్రాక్ష తోటను చూడబోయితిని. కొమ్మలు కత్తిరించి అప్పటికి నెల దాటినది. పూత గుత్తులు వెలువడి, రైతు కంటికి ఇంపుగా ఉండవలసిన సమయమది. కాని ఆకులపై నూనె చుక్కలు పడినట్లు పసుపుపచ్చని మచ్చలు కనిపించినవి. ఆకును తిరగవేసి చూడగా అడుగున తెల్లని బూజు. కొన్ని పూత గుత్తులు అప్పుడే గోధుమరంగుకు తిరిగి వంకరపోయినవి.

తోట యజమాని పెద్దవాడు. ఆయన కోపముతో గాక, నిదానముగానే అడిగినాడు. "సారూ, పోయిన ఏడు మీటింగుల మీరే చెప్పిండ్రు. అమెరికా వేరు మీద అంటు కడితే తోట గట్టిగుంటదని. నమ్మి ఎకరం కొత్తగ పెట్టిన. పాత తోటకు వచ్చిన రోగమే కొత్త తోటకూ వచ్చె. మరి గట్టిగుండుడంటే ఏంది?"

నేను చెప్పిన దానిలో అబద్ధము లేదు. కాని సగమే చెప్పితిని. డాగ్‌రిడ్జ్ వేరుపై కట్టిన అంటు నీటి ఎద్దడిని, ఉప్పు నీటిని కొంతవరకు తట్టుకొనును. ఆకు తెగుళ్లను అది ఆపలేదు. ఈ రెండవ మాట ఆనాడు చెప్పక విడిచినందున ఒక రైతు తన సొమ్మును తప్పుడు నమ్మకముపై పెట్టినాడు. మిగిలిన సగమును ఇప్పుడైనను అందరికిని తెలియజేయుట నా విధి యని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను. తెగులు తట్టుకొను ద్రాక్ష అనగా ఏమి, దానిని ఎట్లు తయారుచేయుదురు, అది మనకు ఎంతవరకు అందుబాటులో ఉన్నది అను విషయములు ఇందు వివరింపబడినవి.

మూడు తెగుళ్లు, మూడు తీరులు

మన ప్రాంతపు ద్రాక్షకు ముఖ్యముగా మూడు శిలీంధ్రపు తెగుళ్లు వచ్చుచుండును.

మొదటిది బూజు తెగులు. దీనినే డౌనీ మిల్డ్యూ అందురు. ఇది వ్యాపించుటకు ఆకుపై నీటి తడి ఉండవలెను. దీని బీజములు ఆ తడిలో ఈది, ఆకు అడుగుననున్న సూక్ష్మరంధ్రముల ద్వారా లోపలికి ప్రవేశించును. అక్టోబరు కత్తిరింపు తరువాత వానలు పడినచో ఇది లేత ఆకులను, పూత గుత్తులను కూడ పట్టి పంటను మొదటనే చంపివేయును.

రెండవది బూడిద తెగులు. దీనికి నీటి తడితో పనిలేదు. పొడిగా, చల్లగా, మబ్బుగా ఉండు శీతకాలమే దీనికి అనుకూలము. ఇది ఆకుపైన, కాయపైన బూడిద చల్లినట్లు పరచుకొని, పై పొరలోనికి సన్నని పీల్చుగొట్టములు దింపి బ్రతుకును. లేత కాయలకు సోకిన ఎడల అవి పెరుగునపుడు పగులును.

మూడవది పక్షికన్ను తెగులు. వానకాలములో లేత చిగుళ్లను పట్టును. ఆకులకు చిల్లులు, రెమ్మలకు గుంటలు పడును. కాయపై పక్షి కన్ను వంటి మచ్చ ఏర్పడును. వాన చినుకులు చిమ్ముట వలన ఒక తీగ నుండి మరొక తీగకు పోవును. కత్తిరించి పందిరి క్రిందనే విడిచిన పుల్లలలో ఇది దాగియుండును.

ఈ మూడింటి నడవడి వేరువేరు గనుక, ఒక దానిని తట్టుకొను తీగ మరొక దానిని తట్టుకొనునని అనుకొనరాదు. "తెగులు రాని రకము" అని ఎవరైనను చెప్పినప్పుడు, "ఏ తెగులు?" అని మొదట అడుగవలెను.

ఈ తెగుళ్లు ఎక్కడివి?

మనము తినెడి ద్రాక్షలో చాలాభాగము విటిస్ వినిఫెరా అను ఒకే జాతికి చెందినది. అనాబ్ షాహి, థాంసన్ సీడ్‌లెస్ ఈ జాతివే. ఇది పడమటి ఆసియాలో పుట్టి, వేల ఏండ్లుగా ఐరోపాలోను, మధ్య ఆసియాలోను సాగులో ఉన్న జాతి. రుచికి, గుత్తి అందమునకు దీనికి సాటి లేదు. అయితే బూజు తెగులు, బూడిద తెగులు ఈ జాతి పుట్టిన చోటివి కావు. అవి ఉత్తర అమెరికా అడవులలోనివి.

అమెరికా నుండి మొక్కలు ఓడలపై ఐరోపాకు చేరుటతో ఈ శత్రువులు కూడ చేరినవి. 1845లో ఇంగ్లండులోని మార్గేట్ పట్టణములో టక్కర్ అను తోటమాలి బూడిద తెగులును మొదట గుర్తించినాడు. తొమ్మిదేండ్లలో, అనగా 1854 నాటికి, ఫ్రాన్సు దేశపు ద్రాక్ష సారాయి ఉత్పత్తి పూర్వపు దానిలో నాలుగవ వంతు ప్రాంతమునకు పడిపోయినది. గంధకపు పొడి చల్లుటతో ఆ గండము గడచినది. అంతలో ఫైలోక్సెరా అను పేను వంటి చిన్న పురుగు వచ్చి వేళ్లను తినసాగినది. 1868లో ప్లాంషో అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలసి, తోటలు ఎండిపోవుటకు ఈ పురుగే కారణమని కనుగొన్నాడు. 1878లో బూజు తెగులు ఫ్రాన్సులో అడుగుపెట్టినది.

దారిన పోవువారు పండ్లు కోయకుండునట్లు మెడోక్ ప్రాంతపు రైతులు బాట ప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లుచుండిరి. ఆ తీగలకు బూజు తెగులు సోకకుండుటను మిల్లార్డే అను ఆచార్యుడు 1882లో గమనించి, 1885లో ఆ మందును ప్రకటించినాడు. మనము నేటికిని వాడుచున్న బోర్డో మిశ్రమము ఇట్లు పుట్టినది.

ఈ చరిత్ర వలన మనకు తెలియవలసిన విషయమొకటి కలదు. శత్రువు పుట్టిన చోటనే దానిని ఎదిరించు శక్తి కూడ పుట్టును. అమెరికా అడవి ద్రాక్షలు తరతరములుగా ఈ తెగుళ్ల నడుమ బ్రతికినవి. బలహీనమైనవి నశించి, తట్టుకొన్నవి మిగిలినవి. ఐరోపా ద్రాక్షకు ఆ పరీక్ష ఎన్నడును జరుగలేదు. కనుక నిరోధక శక్తిని వెదకువారు అడవి ద్రాక్షల వద్దకే పోవలసి వచ్చినది. పక్షికన్ను తెగులు మాత్రము ఐరోపాలో పూర్వము నుండి ఉన్నదే.

వేరు బలము వేరు, ఆకు బలము వేరు

ఫైలోక్సెరా పురుగు వేరును తినునది గనుక, అమెరికా జాతుల వేరుపై ఐరోపా ద్రాక్షను అంటుకట్టి ఆ పురుగు బారి నుండి తోటలను కాపాడుకొనిరి. ఈ పద్ధతి నేటికిని ప్రపంచమంతట అమలులో ఉన్నది. మన దేశములో ఎక్కువగా వాడు డాగ్‌రిడ్జ్ కూడ టెక్సాసు ప్రాంతపు అడవి ద్రాక్ష నుండి వచ్చినదే. మహారాష్ట్ర రైతులు నీటి కొరతను, చౌడును తట్టుకొనుటకు దీనిని విరివిగా వాడుచున్నారు.

కాని అంటులో క్రింది భాగము, పై భాగము రెండు వేరు ప్రాణుల వంటివి. ఒకటి నీరు అందించును, రెండవది ఆహారము వండి పెట్టును. అంతేగాని ఒకదాని గుణము రెండవదానికి మారదు. డాగ్‌రిడ్జ్ పైన ఉన్నది అనాబ్ షాహి అయినప్పుడు, ఆకు అనాబ్ షాహి ఆకే, కాయ అనాబ్ షాహి కాయే. దానికి రావలసిన బూజు తెగులు వచ్చితీరును. పైన చెప్పిన పెద్దమనిషి తోటలో జరిగినది ఇదియే. ఆకు, కాయ కూడ తట్టుకొనవలెనన్నచో పై రకమునే మార్చవలెను. అందుకు సంకరము చేయుట తప్ప వేరు దారి లేదు.

సంకరము చేయు విధము

ద్రాక్ష పూవు ఆవగింజంత ఉండును. దాని రేకులు విడివడి విచ్చుకొనవు. అవి పైన కలసి టోపీ వలె ఉండి, అడుగున తెగి రాలిపోవును. ఆ టోపీ రాలకమునుపే సన్నని పటకారుతో దానిని, లోపలి పుప్పొడి తిత్తులను కూడ తీసివేయవలెను. ఇట్లు ఒక గుత్తిలోని పూవులన్నిటికిని చేసి, గుత్తికి కాగితపు సంచి తొడిగెదరు. తరువాత తెగులు తట్టుకొను రకపు పుప్పొడిని తెచ్చి అద్ది, మరల సంచి కట్టెదరు. కాయలు పండిన పిమ్మట గింజలు తీసి, తడి ఇసుకలో రెండు మూడు నెలలు చల్లని చోట ఉంచి, మొలక కట్టించెదరు.

మొలచిన ప్రతి మొక్కయు వేరు గుణములు కలది. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు పొడుగు, ఒకరు పొట్టి అయినట్లే ఇదియు. ఈ మొలకలపై తెగులు బీజములను కావలెననియే చల్లి, తట్టుకొనని వాటిని పెరికి పారవేయుదురు. మిగిలిన వాటిని నేలలో నాటి, కాపు వచ్చువరకు పెంచవలెను. అప్పుడు రుచి, దిగుబడి, గుత్తి ఆకారము, నిలువ గుణము చూచి ఏరవలెను. ఏరిన వాటిని మరల వేరువేరు చోట్ల ఏండ్ల తరబడి పరీక్షింపవలెను. ఒక రకము బయటికి వచ్చుటకు 15 నుండి 25 ఏండ్లు పట్టుట అరుదు కాదు. వరిలో ఏడాదికి రెండు పంటలు తీసి తరములను త్వరగా దాటించవచ్చును. ద్రాక్షలో ఆ వీలు లేదు. "వరిలో వచ్చినట్లు ద్రాక్షలో కొత్త రకములు ఎందుకు రావు?" అని అడుగు రైతులకు ఇదియే జవాబు.

ఒక మేలు మాత్రము కలదు. ద్రాక్షను గింజతో గాక ముక్కతో, అంటుతో పెంచెదము. కనుక వేలకొలది మొలకలలో ఒక్క మంచి మొక్క దొరికిన చాలును. దాని ముక్కల నుండి వచ్చు తోటలన్నియు అచ్చముగా దానివలెనే ఉండును.

రుచిని నిలుపుకొనుట ఎట్లు?

అడవి ద్రాక్షతో కలిపినప్పుడు నిరోధక శక్తితో పాటు అడవి గుణములు కూడ వచ్చును. కాయ చిన్నదగుట, తోలు మందమగుట, ఒక విధమైన ఘాటు వాసన కలుగుట అట్టివి. ఫ్రాన్సులో సైబెల్ మొదలగువారు 19వ శతాబ్దము చివర నుండి వేలకొలది సంకరములు చేసిరి. అవి తెగుళ్లను తట్టుకొన్నను, సారాయి రుచి బాగులేదను అపవాదు వచ్చినది. 1934లో ఫ్రాన్సు ప్రభుత్వము నోవా, ఇసబెల్లా మొదలైన 6 రకములను చట్టముచే నిషేధించినది. రైతు నాటుటకు ఇష్టపడినను, కొనువాడు ఇష్టపడని రకము నిలువదని దీనివలన తెలియుచున్నది.

దీనికి విరుగుడు మన పశుపోషకులకు తెలిసినదే. నాటు గేదెకు ముర్రా దున్నపోతును దాటించి, పుట్టిన పెయ్యకు మరల ముర్రానే దాటించిన ఎడల, తరతరమునకు ముర్రా రక్తము పెరుగును. ద్రాక్షలో కూడ మొదటి సంకరమున సగము అడవి రక్తము, రెండవ తరమున నాలుగవ వంతు, మూడవ తరమున ఎనిమిదవ వంతు, ఇట్లు తగ్గించుచు పోవుదురు. ప్రతి తరమునను నిరోధక శక్తి నిలిచిన మొలకలనే ముందుకు తీసికొందురు. ద్రాక్షలో దగ్గరి చుట్టరికము పనికిరాదు. మొక్క నీరసించును. అందుచేత ప్రతి తరమునకు వేరొక మంచి రకముతో కలుపుదురు.

ఈ ఓపికకు చక్కని ఉదాహరణ మస్కడైన్ ద్రాక్ష. అమెరికా ఆగ్నేయ భాగమున పెరుగు ఈ తీగ బూజు, బూడిద తెగుళ్లను రెండింటిని గట్టిగా ఎదిరించును. కాని మామూలు ద్రాక్ష కణములలో 38 క్రోమోజోములుండగా, దీనిలో 40 ఉన్నవి. కనుక రెండును కలిసి బిడ్డ పుట్టుటయే కష్టము, పుట్టినను చాలవరకు గొడ్డుమొక్కయే. ఫ్రాన్సులో మాంపెలియే పరిశోధనా కేంద్రమున ఆలాన్ బూకే అను శాస్త్రజ్ఞుడు 1970 దశకములో ఈ పనికి పూనుకొని, అమెరికాలో పూర్వము పుట్టిన ఒక సంకరమును తీసికొని తరము వెంట తరము మంచి ద్రాక్షతో కలిపినాడు. ఆ శక్తిని ఇముడ్చుకొన్న ఆర్టబాన్, ఫ్లోరియాల్, విడాక్, వోల్టిస్ అను 4 రకములు 2018లో ఫ్రాన్సు దేశపు సాగు జాబితాలోనికి ఎక్కినవి. పని మొదలైనప్పుడు పుట్టిన బిడ్డ అప్పటికి నడివయస్సువాడైనాడు.

జర్మనీలో 1967లో గైల్‌వైలర్‌హోఫ్ కేంద్రమున చేసిన సంకరము నుండి రీజెంట్ అను ఎర్ర ద్రాక్ష వచ్చినది. 1990 దశకములో అది రైతుల చేతికి చేరినది. ఈనాడు పని కొంత సులువైనది. 2007లో ద్రాక్ష జన్యువుల క్రమమంతయు ప్రకటింపబడినది. ఇప్పుడు చిన్న మొలక నుండి ఆకు ముక్కను తీసి, దానిలో నిరోధక జన్యువు ఉన్నదో లేదో ప్రయోగశాలలో చెప్పగలరు. సంతలో పండ్లు చూచి ఎద్దు వయస్సు చెప్పుట వంటిదే ఇది. కాపు వచ్చువరకు వేచియుండనక్కరలేకుండ, పనికిరాని మొలకలను మొదటనే తీసివేయవచ్చును. రుచిని మాత్రము ఈనాటికిని కాపు వచ్చిన తరువాత నాలుకయే చెప్పవలెను.

ఒకే గడియ చాలదు

నిరోధక రకములో జరుగునదేమి? గ్రామములో ఒక గడ్డివామి అంటుకొన్నప్పుడు ప్రక్కనున్న గడ్డిని లాగివేసి, నిప్పుకు మేత లేకుండ చేయుదుము గదా. అట్లే శిలీంధ్రము చొచ్చిన చోట చుట్టునున్న కణములు తమంతట తామే చనిపోయి, దానికి ఆహారము లేకుండ చేయును. ఆకుపై సూదిమొనంత నల్ల చుక్క మిగులును. తెగులు అంతటితో ఆగిపోవును.

కాని శత్రువు కూడ ఊరకుండదు. హంగరీలో 1963లో చేసిన సంకరము నుండి వచ్చిన బియాంకా అను రకము బూజు తెగులును తట్టుకొనునని పేరుపొందినది. ఆ రకపు నిరోధక శక్తిని దాటగల బూజు తెగులు తెగ ఒకటి పుట్టినదని ఇటలీ, ఫ్రాన్సు పరిశోధకులు 2010లో ప్రకటించిరి. ఒకే జన్యువుపై ఆధారపడిన రకము ఒకే గడియ వేసిన తలుపు వంటిది. దొంగ ఆ గడియ తీయుట నేర్చుకొన్న నాడు ఇల్లు తెరచినట్లే. అందుచేత ఇప్పుడు ఒకే రకములో రెండు మూడు వేరు జన్యువులను కలిపి ఉంచుచున్నారు. దొంగ ఒక్కసారే మూడు గడియలు తీయుట కష్టము.

ఇట్టి రకములు వేసిన ఐరోపా రైతులు కూడ మందును పూర్తిగా మానలేదు. పిచికారీలను చాలవరకు తగ్గించి, అదను చూచి ఒకటి రెండు మాత్రము చేయుచున్నారు. ఆ కొద్ది పిచికారీల వలన, గడియ తీయగల తెగ పుట్టినను అది పెరుగకుండ ఉండును. అదియును గాక, మందు పూర్తిగా ఆపినచో అంతవరకు అణగియున్న ఇతర తెగుళ్లు తల ఎత్తుచున్నవి.

మందు తగ్గించవలసిన అవసరము మాత్రము నిజమైనదే. రాగి మందులు నేలలో కరగిపోవు. ఏటేట పేరుకొని వానపాములకు, నేలలోని సూక్ష్మజీవులకు హాని చేయును. ఐరోపా సమాఖ్య 2019 నుండి 7 ఏండ్లలో హెక్టారుకు 28 కిలోల రాగికి మించి వాడరాదని కట్టడి చేసినది. పండ్లపై మందు అవశేషము మిగిలినచో ఎగుమతి సరుకు తిరస్కరింపబడును. కూలి, నూనె, మందు ఖర్చులు రైతు లాభమును తినివేయుచున్న సంగతి నేను చెప్పనక్కరలేదు.

మన దేశములో జరిగిన కృషి

హైదరాబాదుకును ద్రాక్షకును చాలాకాలపు సంబంధము కలదు. 1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖాన్ అనాబ్ షాహిని ఇచ్చట ప్రవేశపెట్టినాడని చెప్పుదురు. పేరుకు తగినట్లు అది రాచ ద్రాక్షయే. పెద్ద కాయ, పెద్ద గుత్తి, మంచి దిగుబడి. కాని బూజు తెగులుకు అది మిక్కిలి లొంగును. నగరము పెరిగి ఆ తోటలలో చాలాభాగము ఇండ్ల స్థలములైనవి. మిగిలిన తోటల రైతులకు తెగుళ్ల బెడద అట్లే ఉన్నది.

దీనికి ఎదురు గుణము గలది బెంగుళూరు బ్లూ. దీనిలో అమెరికా జాతి రక్తము కలదు. పక్షికన్ను తెగులును బాగుగా తట్టుకొనును. కాయకు మందమైన తోలు, ఘాటైన వాసన ఉండును. రసమునకు, సారాయికి ఎక్కువగా పోవును.

బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ ఈ రెండు కోవల ద్రాక్షలను కలుపుటకు పూనుకొన్నది. బెంగుళూరు బ్లూను అనాబ్ షాహితో కలిపి అర్క హంస్ అను రకమును, బ్లాక్ చంపాతో కలిపి అర్క శ్యామ్ అను రకమును తయారుచేసినది. అర్క శ్యామ్ పక్షికన్ను తెగులును తట్టుకొనునని గుర్తింపు పొందినది. అంగూర్ కలాన్‌ను అనాబ్ షాహితో కలిపిన అర్క చిత్ర బూడిద తెగులును కొంతవరకు ఓర్చుకొనును. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ విడుదల చేసిన పూసా నవరంగ్ కూడ పక్షికన్ను తెగులును తట్టుకొనును.

పూనాలోని అఘార్కర్ పరిశోధనా సంస్థవారు అమెరికా జాతికి చెందిన కటాబాను, బ్యూటీ సీడ్‌లెస్‌తో కలిపి ఎ.ఆర్.ఐ. 516 అను రకమును రూపొందించిరి. ఇది శిలీంధ్రపు తెగుళ్లను తట్టుకొనునని 2020లో ప్రకటింపబడినది. కత్తిరింపు తరువాత 110 నుండి 120 దినములలో కోతకు వచ్చును. రసమునకు, ఎండు ద్రాక్షకు, జాముకు, ఎర్ర సారాయికి పనికివచ్చును.

ఇచ్చట రైతు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, పై రకములలో చాలా వాటికి రసము, సారాయి పరిశ్రమలే తగిన గిరాకీ. బజారులో తినుటకు కొనువాడు గింజలేని, కరకరలాడు, ఘాటు వాసన లేని పండునే కోరును. ఆ కోవలో మూడు తెగుళ్లకును లొంగని రకమని చెప్పి నేను ఈనాడు మీ చేతికి ఇవ్వగలిగినది లేదు. గింజలేని తల్లిని సంకరమునకు వాడినచో గింజ గట్టిపడకముందే పిండము నశించును. దానిని కాయ నుండి తీసి గాజుబుడ్డిలో పెంచవలసి వచ్చును. పని ఆలస్యమగుటకు ఇదియు ఒక కారణము.

రెండవది, ఐరోపాలో శీతకాలమున తీగ నిద్రపోవును. మన వద్ద ఏడాది పొడుగునను ఆకు ఉండును. ఏప్రిలులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింతుము. తెగులుకు విశ్రాంతి లేదు. కనుక అక్కడ నిలిచిన రకము ఇక్కడ కూడ నిలుచునని పరీక్షింపక చెప్పరాదు.

మొక్క కొనునప్పుడు అడుగవలసినవి

"రోగము రాని ద్రాక్ష" అని చెప్పి మొక్కలు అమ్మువారు ఎదురైనప్పుడు ఈ క్రింది ప్రశ్నలు వేయవలెను.

1. ఏ తెగులును తట్టుకొనును? మూడింటిలో ఏది?

2. బలము వేరుదా, పై రకముదా?

3. తల్లి రకమేది, తండ్రి రకమేది? ఏ సంస్థ విడుదల చేసినది?

4. మన జిల్లాలో, లేదా ఇట్టి వాతావరణములో ఎచ్చట కాపు చూచిరి?

5. పండును కొనువారెవరు? ఏ ధరకు?

వీటికి సూటియైన జవాబు రానిచో డబ్బు చెల్లించరాదు. జవాబు బాగున్నను తోట అంతయు ఒకేసారి మార్చరాదు. తోట చివర ఒక వరుసలో పది తీగలు నాటి, రెండు కాపులు చూచి నిర్ణయించుకొనవలెను.

ఉన్న తోటను కాపాడుకొనుట

కొత్త రకము వచ్చువరకు, వచ్చిన తరువాత కూడ, ఈ పనులు మానరాదు.

కత్తిరించిన పుల్లలను, రాలిన ఆకులను పందిరి క్రింద ఉంచక ఏరి తోట బయట పూడ్చవలెను, లేదా కాల్చవలెను. పందిరి క్రింద నిలుచుండి పైకి చూచిన అక్కడక్కడ ఆకాశము కనబడునట్లు రెమ్మలను పలుచన చేయవలెను. గాలి, వెలుతురు ఆడినచో ఆకు త్వరగా ఆరును. ఆకు ఆరినచో బూజు తెగులుకు దారి మూసినట్లే. అక్టోబరు కత్తిరింపునకు ముందు వాన సూచన తెలిసికొని, ముసురు ఉన్నచో కొన్ని దినములు ఆగుట మేలు.

కత్తిరింపు అయిన వెంటనే బోర్డో మిశ్రమము చల్లవలెను. ఒక శాతపు మిశ్రమమునకు 1 కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలోను, 1 కిలో మంచి సున్నమును మరొక 50 లీటర్ల నీటిలోను విడివిడిగా కలిపి, రెండింటిని ఒకేసారి మూడవ పాత్రలోనికి పోయుచు కలియబెట్టవలెను. ఇనుప పాత్రలు వాడరాదు. మెరుగు పెట్టిన కత్తిని అందులో ముంచి తీయగా రాగి పూత పట్టినచో ఇంకను సున్నము కలుపవలెను. చేసిన మందును ఆ దినమే వాడవలెను. గంధకమును ఎండ మండు వేళ చల్లినచో ఆకు మాడును.

కొత్త మందులు వాడువారు ఒకే మందును వరుసగా చల్లరాదు. ఒకే గడియకు తెగులు అలవాటుపడినట్లే ఒకే మందుకు కూడ అలవాటుపడును. కోతకు ఎన్ని దినముల ముందు ఆపవలెనో డబ్బాపై చూచి పాటించవలెను. చల్లిన తేదీ, మందు పేరు, వాన పడిన దినము ఒక పుస్తకములో వ్రాసికొనుట మంచిది.

గ్రామాధికారులు కూడ ఈ విషయములో సాయము చేయగలరు. పాడుపెట్టి విడిచిన తోట ఒకటి ఉన్నచో చుట్టుప్రక్కల తోటలన్నిటికిని తెగులు అచ్చట నుండియే వచ్చును. అట్టి తోటల యజమానులకు నచ్చజెప్పి తీగలు తీయించుట, కత్తిరింపులు అందరును దగ్గర దగ్గర దినములలో ముగించునట్లు చూచుట ఒక్కరివలన అయ్యెడి పనులు కావు. ఊరు కలసి చేయవలెను.

నేను ఆ పెద్దమనిషి తోటకు మరల మాఘమాసములో పోయితిని. కొత్త ఎకరములో పంట సగము పోయినది. అయినను డాగ్‌రిడ్జ్ వేరుపై ఉన్న తీగలు నీరు తక్కువైనను పచ్చగా నిలిచినవి. పాత తోటలో ఆకు అప్పుడే వాడుచున్నది. ఆయన రెండింటిని నాకు చూపి, "వేరు మాట నిజమే సారూ, ఆకు మాట కూడ అప్పుడే చెప్తే రెండు మందులు ముందే కొడుదును" అన్నాడు. తరువాత గట్టు వెంట పది గుంతలు తీసియున్న చోటు చూపి, అక్కడ ఏ రకము పెట్టవలెనో, అది ఏ తెగులును తట్టుకొనునో, దానిని ఎవరు కొందురో కాగితముపై వ్రాసి ఇమ్మన్నాడు.

వ్రాసి ఇచ్చితిని. ఈసారి తెలిసినదంతయు వ్రాసితిని.